కంటికి తగలని దెబ్బ

రమ్యశ్రీ కన్ను పోయిన రోజు ఏదని అడిగితే ఆ పల్లెలో ఎవరైనా చెబుతారు. పెద్ద ఈరన్న కల్లంలో వేరుశనగ కాయలు తెంపుతున్న రోజు, ఎండ నడినెత్తికి ఎక్కి కూలీలు సద్దిమూటలు విప్పుకునే వేళ. కూలికి వచ్చిన కృపమణి కొడుకు, ఐదేళ్ల జయపాల్, కల్లం అంచున కర్రాబిళ్ళ ఆడుతూ కట్టెతో ఒక్కటి వేశాడు. బిళ్ళ లేచి, వంకరగా పోయి, కాయల కుప్ప పక్కన కూర్చుని మట్టితో ఆడుకుంటున్న బడి అయివారి బిడ్డ రమ్య మొహానికి తగిలింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది, కుడి చెంప మీదికి నెత్తురు కారింది. నెల తర్వాత మద్రాసు నుంచి తిరిగి వచ్చినప్పుడు ఆ కంటి మీద దూది ఉంది, దూది కింద కన్ను లేదు. ఊరికి తెలిసింది అంతే. బిడ్డ తండ్రి కేశవయ్యకు తెలిసింది వేరు. ఇన్నేళ్ల తర్వాత ఈ ఆదివారం పొద్దున, అదే పల్లె చర్చిలో వెనక గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్న కేశవయ్య, ఆ రోజు గురించి ఇంకొకరి నోట వినడానికి వచ్చాడు. వినడానికే వచ్చాడా, అది కాదని చెప్పడానికి వచ్చాడా అన్నది ఇంటి గడప దాటినప్పుడు తేల్చుకోలేదు, ఇప్పుడుంటున్న ఊరి నుంచి వచ్చిన బస్సు దిగినప్పుడూ తేల్చుకోలేదు.

కోతల పండుగ కాబట్టి చర్చి నిండా పంట వాసన. ఎవరి చేనులో పండింది వాళ్లు తెచ్చి ముందర బల్ల చుట్టూ పెట్టారు. జొన్న కంకుల కట్టలు, కందులు, తవ్వి తెచ్చిన మన్ను ఇంకా ఆరని వేరుశనగ చెట్లు, ఎవరిదో ఒక పుంజు, కాళ్లకు తాడు కట్టి బల్ల కోడుకు ముడేసి ఉంది. ఆరాధన అయ్యాక ఇవన్నీ వేలం వేస్తారు. పాస్టరుగారి ప్రార్థన సాగుతుండగానే కేశవయ్యకు ముందు వరుసలో పుల్లన్న పక్కవాడి చెవిలో అంటున్నాడు: "ఆ గుమ్మడికాయ జోలికి నువ్వు రావాకప్పా, నేను చూసి పెట్టుకున్నా." "అది నువ్వు తెచ్చిందే గదరా?" "నేను తెచ్చిందే. ఇంట్లో చెప్పకుండా తెచ్చినా. ఎట్లన్నా మళ్లా ఇంటికి తీస్కపోవాల, లేదంటే నన్ను ఇంట్లోకి రానీదు." పక్కవాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కేశవయ్యకు కూడా నవ్వు వచ్చేదే, వేరే రోజైతే. రమ్య వింటే పడీపడీ నవ్వేది. ఆమెకు ఇటువంటివి కావాలి, ఇంటికి రాగానే ఒక్కొక్కరి గొంతుతో చెప్పి చూపించేది. ఆ గొంతులన్నీ పోయిన ఎండాకాలం ఆగిపోయాయి.

తలుపు దగ్గర దావీదురాజు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తుడిచి వేశాడు, "ఈడ కూచోండి అయివారూ, మీరు చాప మీదేంది" అని. జయపాల్ తండ్రి ఆయన, ఇప్పుడు నడుం వంగింది. కేశవయ్య వద్దని చాప మీదనే కూర్చున్నాడు. చూసినవాళ్లు తలలు ఊపుకున్నారు, వేంపల్లె శెట్ల ఇంట పుట్టిన మనిషి మన చాప మీద కూర్చున్నాడని. నిజానికి కుర్చీ అందరికీ కనబడే చోట ఉంది. చాప మీదైతే ముందువాళ్ల వీపుల చాటు ఉంటుంది. ఆయన చేసిన పనిని ఈ ఊరు ఎప్పుడూ మంచితనంగానే అర్థం చేసుకుంది, ఆయన ఎప్పుడూ దిద్దలేదు. పిల్లల జవాబు పత్రాల్లో చిన్న తప్పును కూడా ఎర్రసిరాతో చుట్టే మనిషి.

కిటికీలోంచి ఓర్వకల్లు బండలు కనిపిస్తున్నాయి, ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు. ఎండ వాటి మీద తెల్లగా మెరుస్తోంది. ఆ మెరుపు. భార్య నాగరత్నమ్మ అన్నది, దీపం పట్టుకుని, కరెంటు పోయిన సాయంత్రం, బిళ్ళ తగలడానికి ఎన్నో నెలల ముందు. "ఇటు రాండి, పాప కన్ను చూడండి, పిల్లి కన్ను మాదిరి మెరుస్తాండాది." కేశవయ్య చేతిలో అన్నం ముద్ద ఉంది. లేవకుండానే చెప్పాడు, వెలుతురు కంటి వెనకగోడకు తగిలి తిరిగి వస్తే మెరుస్తుంది, పిల్లికి, మేకకు, రాత్రి చూసే జంతువులన్నిటికీ అంతే అని. ఆ వారమే తొమ్మిదో తరగతికి మేక కన్ను కోసి చూపించాడు, లోపల నీలంగా, ముత్యపు చిప్పలా తళతళలాడే పొరను పట్టకారుతో ఎత్తి చూపిస్తూ, ఇది మనిషి కంట్లో ఉండదు అని తనే చెప్పాడు. పిల్లలు రాసుకున్నారు. క్లాసులో చెప్పిన ఆ మాట ఇంట్లో అన్నం ముందు కూర్చున్న మనిషికి గుర్తు రాలేదు. నాగరత్నమ్మ ఇంకొకసారి దీపం అటూ ఇటూ ఆడించి, "ఏమో, నాకు బాగా అనిపించలే" అని ఊరుకుంది. అప్పుడే కర్నూలు తీసుకుపోయి ఉంటే. అక్కడికి వచ్చి మనసు రోజూ ఆగుతుంది, పక్కకు తిరుగుతుంది, మళ్లీ అక్కడికే వస్తుంది, గానుగ చుట్టూ తిరిగినట్టు.

బిళ్ళ తగిలిన రోజు చూసిన కర్నూలు డాక్టరు పెద్దాయన, టార్చి పట్టుకుని చాలాసేపు చూశాడు. గాయం కడిగి, కనుబొమ్మకు కుట్టు వేసి, ఆ తర్వాత కూడా చూస్తూనే ఉన్నాడు. బయట వరండాలోకి పిలిచి చెప్పాడు: "దెబ్బ కనుబొమ్మకే తగిలిందయ్యా. కంటికి తగల్లేదు. కంట్లో ఉన్నది వేరే, కేన్సరు గడ్డ. ఇది దెబ్బకు వచ్చేది కాదు, ఎప్పటి నుంచో ఉండాది. ఆ బిళ్ళ తగలబట్టి మీరు వచ్చినారు, నేను చూసినా." అంటే ఆ పిల్లవాడి బిళ్ళ బిడ్డను కాపాడినట్టే. ఇంకో ఏడాది తెలియకుండా పోయి ఉంటే రెండు కళ్లూ, ఆ తర్వాత ప్రాణమూ అప్పుడే పోయేవి. మద్రాసులో కుడికన్ను తీసేశారు. ఎడమకంట్లో ఆవగింజంత మచ్చ ఉంటే, మంచుకన్నా చల్లని మొన తాకించి గడ్డకట్టించి చంపారు. రెండు కళ్లలోనూ ఉంది కాబట్టి ఇది పుట్టుకలోనే ఉన్నదని, ఒంట్లో ప్రతి కణంలోనూ ఈ లోపం ఉంటుందని, జీవితాంతం ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదట ఈ మాట చెప్పాలని అక్కడి పెద్ద డాక్టరు ఇంగ్లీషులో నెమ్మదిగా, వేలెత్తి చెప్పాడు. కేశవయ్య తల ఊపాడు. మొదట చెప్పాలి. ఏ డాక్టరుకైనా. వచ్చే దారిలో రైల్లో నాగరత్నమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని అడిగింది, ఊళ్లో ఏం చెప్పాలి అని. అప్పటికి కేశవయ్య చెల్లెలికి సంబంధం కుదిరి ఉంది, వైశాఖంలో పెళ్లి. వాళ్లలో ఏడు తరాల జబ్బులు అడుగుతారు. పుట్టుకలోనే ఉన్న జబ్బంటే ఆ గుమ్మం మళ్లీ ఎవరూ తొక్కరు. పెళ్లి కానీ, తర్వాత చెబుదాం అన్నాడు. తర్వాత.

వాళ్లు వచ్చిన సాయంత్రమే దావీదురాజు కొడుకు చెయ్యి పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. పిల్లవాడి వీపు మీద చింతబరికె వాతలు, కొన్ని మానినవి, కొన్ని కొత్తవి. "అయివారూ, వీన్ని మీ కాళ్లకాడ ఏస్తాండా. సంపండి, ఉంచుకోండి, మీ ఇష్టం. నేను మొగం ఎత్తుకోని తిరగలేకుండా ఉండా." లోపల నాగరత్నమ్మ నోరు తెరిచింది. కేశవయ్య ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపు ఎంత చిన్నదంటే దావీదురాజు గమనించి ఉండడు. కేశవయ్య మెట్లు దిగి పిల్లవాడి తల నిమిరి, "పోనీలేప్పా, చిన్నోడు, తెలీక చేసినాడు" అన్నాడు. ఆ మాటలో అబద్ధం ఎక్కడుందని ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపించడం కష్టం. దావీదురాజు కూలబడి ఏడ్చాడు. మర్నాటికల్లా ఊరంతా అయివారి మనసు వెన్న అంది. జయపాల్ మాత్రం ఏడవలేదు. తల నిమిరిన చేతి కింద ఆ తల కదలకుండా ఉంది, చలికాలం పొద్దున రాయిని ముట్టుకున్నట్టు.

ముందర ముసలి తిరుపతమ్మ లేచి సాక్ష్యం చెబుతోంది. మేక తప్పిపోయిందట, మూడు వాగులు తిరిగిందట, ప్రార్థన చేస్తే సాయంత్రానికి అదే వచ్చి తలుపు దగ్గర అరిచిందట. "నేను దానికోసం యాడాడ తిరిగినానో దానికేమి తెల్సు, అది కడుపునిండా మేసి వచ్చింది" అంటే ఆడవాళ్లు నవ్వారు. పుంజు ఉలిక్కిపడి కూసింది. పాస్టరుగారు, "దాని సాక్ష్యం గూడా అయిపాయ" అన్నారు. అందరూ మళ్లీ నవ్వారు. జయపాల్ నవ్వలేదు. మగవాళ్ల వరుసలో మూడోవాడుగా, తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు అలా దాచుకునే అలవాటు బడి రోజుల నుంచి ఉంది. ఆటల పీరియడ్‌లో అందరూ మైదానంలో ఉంటే వాడు గోడ దగ్గర, చేతులు వెనక్కి పెట్టుకుని. బంతి తన వైపు దొర్లి వచ్చినా వంగి తీసేవాడు కాదు, కాలితో కూడా తాకేవాడు కాదు, ఎవరైనా వచ్చి తీసుకుపోయేదాకా చూస్తూ నిలబడేవాడు. డ్రిల్లు మాస్టరు ఒకసారి, "ఏమప్పా, నీ చేతులకు గోరింటాకు పెట్టుకున్నావా" అని ఎగతాళి చేశాడు. తరగతి గది కిటికీలోంచి కేశవయ్య చూశాడు. నల్లబల్ల మీద గుండె బొమ్మ సగం గీసి ఉంది. మిగతా సగం గీశాడు.

రమ్య బడిలో చేరిన రోజు నుంచి ఆమె సంచి వాడే మోశాడు. ఎవరూ చెప్పలేదు. కుడివైపు కనబడదని ఎప్పుడూ ఆమెకు కుడిపక్కనే నడిచేవాడు, బండ్లు వచ్చే వైపు. ఆమె వాణ్ని సతాయించేది. "జయన్నా, సంచిలో రెండు రాళ్లేసినా, కనుక్కున్నావా?" "కనుక్కున్నా." "మరి పారేయలేదే?" "నీవు వేసినవి గదా పాపా." ఈ ముచ్చట ఆమె ఇంట్లో వాడి గొంతుతో చెప్పి నవ్వింది. నాగరత్నమ్మ నవ్వలేదు, లేచి వంటింట్లోకి పోయింది. చెల్లెలి పెళ్లి అయిపోయింది అప్పటికి, ఆమెకు ఇద్దరు బిడ్డలు కూడా. ఇంకా తర్వాత రాలేదు. మద్రాసు ఏడాదికొకసారి పోయివచ్చేవారు, ఎడమకన్ను బాగుందన్నారు, ఎనిమిదో ఏడు వచ్చాక ఇక కంటికి భయం లేదన్నారు. కంటికి. కేశవయ్య ఆ మాటను మొత్తానికి భయం లేదని విన్నాడు. కన్ను తీసేస్తే జబ్బు తీసేసినట్టే అనుకున్నాడు. అలా అనుకుంటే నిద్రపట్టేది.

కర్నూలులో ఎముకల డాక్టరు గది. ఆ గదిలోకి మనసు పోకూడదు, కాని ఇప్పుడు పోతుంది, ఎందుకంటే పాస్టరుగారు "జయపాల్ సహోదరుడు" అన్నారు. తిరుపతమ్మ కూర్చుంటోంది, ఆమె కూర్చోవడానికి సమయం పడుతుంది, ఆ కాస్త సమయంలో ఆ గది అంతా వచ్చేస్తుంది. పదో తరగతి ఏడాది, ఖోఖో జట్టులో రమ్య, మోకాలి పైన నొప్పి, కాస్త వాపు. బస్సులో కాలు చాపలేదని డిగ్రీ చదువుకుంటున్న జయపాల్ ఎవరిదో మోటారుసైకిల్ అడిగి తెచ్చి కూర్చోబెట్టుకుని వచ్చాడు, కేశవయ్య వెనక బస్సులో వచ్చాడు. బయట నలభైమంది ఉన్నారు. డాక్టరు కాలు నొక్కి చూసి, తల ఎత్తి, మొహం చూసి, "కంటికేమైంది?" అన్నాడు. అప్పుడు చెప్పాలి. మొదట చెప్పాలి. కేశవయ్య గొంతు సవరించుకున్నాడు. కాని తలుపు దగ్గర నిలబడ్డ జయపాల్ ఒక అడుగు ముందుకు వేశాడు. "నా వల్ల పోయింది సార్. చిన్నప్పుడు నేను కొట్టిన బిళ్ళ తగిలింది." డాక్టరు, "అట్లనా" అని రాసుకున్నాడు. ఒక క్షణం ఉంది, కలం ఇంకా కాగితం మీద ఉంది. జయపాల్ మొహం అక్కడే ఉంది, ఆ మొహం ముందు "కాదు" అనాలి. కేశవయ్య గోడ మీద వేలాడుతున్న ఎముకల బొమ్మ వైపు చూశాడు, తొడ ఎముక, మోకాలిచిప్ప, అన్నీ తెలిసిన పేర్లే. "ఆటల్లో బెణికింది. కట్టు కట్టుకోని, ఈ మాత్రలు వేస్కో. తగ్గకుంటే ఎక్స్‌రే తీద్దాం." రెండో నెలకు తగ్గలేదు. హైదరాబాదు పోయేసరికి ఎముకలో పుట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి కూడా పాకింది.

అక్కడి డాక్టరమ్మ శ్రీదేవి చిన్న వయసుది. కంటి సంగతి ఆమెకు కేశవయ్య చెప్పాడు, అప్పుడు చెప్పాడు, జయపాల్ కింద రక్తం ఇస్తున్నాడు. ఆమె పెన్ను బల్ల మీద పెట్టి, మళ్లీ తీసుకుంది. "మీరు బయాలజీ టీచరు కదండీ, మీకు చెప్పడం సులువు" అని కాగితం తిప్పి ఒక కణం గీసింది, ఆయన నల్లబల్ల మీద గీసేలాంటిదే, కేంద్రకం, అందులో పోగులు. ఒక ప్రోటీను ఉంటుందండీ. కంటి జబ్బులో మొదట దొరికింది కాబట్టి దానికి ఆ జబ్బు పేరే పెట్టారు, కాని అది ఒంట్లో అన్ని కణాల్లోనూ ఉంటుంది. కణం విభజన చెందమని చెప్పే జన్యువులుంటాయి. వాటిని నడిపించే ప్రోటీనును పట్టుకుని, ఇక చాలు, ఆగు అంటుంది ఇది. ఆ ప్రోటీనును తయారు చేయించే జన్యువుకు ప్రతులు రెండు. మీ పాపకు ఒకటి పుట్టుకతోనే చెడింది. రెండోది బాగున్నంతకాలం ఏమీ కాదు. ఏ కణంలోనైనా ఆ రెండోది కూడా పోతే ఆపేవాళ్లు ఉండరు. కేశవయ్య అడిగాడు, మరి ఒళ్లంతా ఉంటే కంట్లోనూ కాల్లోనూ ఎందుకు, చేతిలో, చర్మంలో, నెత్తురులో ఎందుకు రాలేదు అని. తరగతిలో మంచి పిల్లవాడు అడిగే ప్రశ్న. ఆమె మొహంలో అలసట కొంచెం తగ్గింది. ఎందుకంటే ఏ కణంలో దాని పని ఆ కణాన్ని బట్టి ఉంటుందండీ. పసిబిడ్డ నేత్రపటలంలో కొన్ని కణాలకు అదొక్కటే కంచె, అది పోతే ఇంకేదీ ఆపదు. వేరేచోట్ల దాని చుట్టాలు కొందరున్నారు, అది లేకపోతే వాళ్లు పని చూసుకుంటారు. ఎముకలో ఇంకో రకం. అక్కడ ఆపడం ఒకటే కాదు, మరో ప్రోటీనుతో జతకట్టి, ఎముకగా గట్టిపడే జన్యువులను తెరుస్తుంది. అది లేకపోతే ఎముక కావలసిన కణం ఎముక కాకుండా, పెరుగుతూనే ఉంటుంది. పిల్లలు పొడుగెదిగే వయసులో ఎముక గబగబా పెరుగుతుంది కదా, అందుకే ఇప్పుడు. అన్నిటికీ జవాబులు మాకూ తెలియవు, ఇంకా చూస్తున్నారు. ఆమె ఆగి, "ముందే తెలిసుంటే మొదటి నొప్పికే ఎక్స్‌రే తీసేవాళ్లు" అంది. కసిరి అనలేదు. కసిరి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి ఆ కాగితం మీది కణం కేశవయ్య తలలో చెరగలేదు. ఒక్కటే, అన్నిచోట్లా ఉంటుంది, చోటును బట్టి దాని పని మారుతుంది. తన మౌనం కూడా ఒక్కటే. చెల్లెలి అత్తవారింట్లో అది పెళ్లిని నిలబెట్టింది. తన ఇంట్లో నాగరత్నమ్మ నోరు మూసింది. దావీదురాజు ఇంట్లో చింతబరికె అయింది, తర్వాత తలవంపు అయింది, తండ్రి కొడుకు మొహం చూడకుండా అన్నం తినే అలవాటు అయింది. జయపాల్ ఒంట్లో చేతులు దాచుకునే తీరు అయింది. ఆ ఎముకల డాక్టరు గదిలో ఏమైందో. ఇంట్లో ఇద్దరికి నిజం తెలుసు. ఒకరు చెప్పకపోయినా రెండోవారు చెప్పగలిగి ఉండాలి. ఆ రెండోదాన్ని కూడా తనే ఆపాడు, ఒక్క చూపుతో, మెట్లు దిగుతూ.

రమ్యకు అన్నీ తెలిశాయి. డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే చెప్పింది, పెద్దవాళ్లకు చెప్పినట్టు. ఆ సాయంత్రం మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ అడిగింది, "అంటే నాయినా, జయన్న బిళ్ళ కాదన్నమాట." "కాదు." "నీకు ముందే తెల్సునా?" కేశవయ్య దుప్పటి ఆమె కాళ్ల మీదికి లాగాడు. ఆమెకు జవాబు తెలిసింది. కోపం వస్తుందనుకున్నాడు, తల తిప్పుకుంటుందనుకున్నాడు. ఆమెకు మొదట నవ్వు వచ్చింది, నవ్వితే దగ్గు వచ్చింది. "పాపం, సంచి ఊరికే మోయించినాము కదా. రాళ్లు గూడా వేసినా నేను." తర్వాత చాలాసేపటికి, ఆమె నిద్రపోయిందనుకున్నాక, కళ్లు మూసుకునే అంది: "నీవే చెప్పాల నాయినా. నేను చెప్తే, తాను మనసు కష్టపెట్టుకోకూడదని పాప అబద్ధం చెప్తాండాది అనుకుంటాడు. నమ్మడు. నీవు చెప్తేనే నమ్ముతాడు." చెబుతానన్నాడు. ఎప్పుడు అని అడగలేదు ఆమె. అడిగి ఉంటే ఒక రోజు చెప్పవలసి వచ్చేది. కింద ఆసుపత్రి వరండాలో జయపాల్ గుడ్డ పరుచుకుని పడుకుని ఉండేవాడు, మిలిటరీ ఎంపికకు పిలుపు వస్తే పోకుండా. పొద్దున్నే టీ తెచ్చి ఇచ్చేవాడు. గ్లాసు అందుకునేటప్పుడు, తాగేటప్పుడు, ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు చెప్పవచ్చు. టీ బాగుందప్పా అనేవాడు.

మొన్న గురువారం జయపాల్ ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "ఆదివారం మా కోతల పండగ సార్. సాక్ష్యం చెప్తాండా. మీరు రావాల." "ఏం సాక్ష్యమప్పా?" "కన్ను సంగతే. ఇన్నేండ్లు సంఘంలో నోరు తెరవలే. పాప ఉన్నన్ని దినాలు, ఆమె సంచి మోస్తాంటే కొంచెం దిగినట్టు ఉండేది. ఇప్పుడు మోసేదానికి ఏమీ లేదు సార్." వాడు పోయాక వంటింటి గుమ్మంలో నాగరత్నమ్మ. "ఈసారన్నా చెప్తారా?" "చెప్తా." "నేను చెప్పగలను. కాని పాప మిమ్మల్ని అడిగింది." ఈ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ కేశవయ్య ఒక వాక్యం తయారు చేసుకున్నాడు. దెబ్బ కనుబొమ్మకే తగిలింది, కంటికి తగల్లేదు. చిన్న వాక్యం. పాఠం చివర పిల్లలతో చెప్పించేంత చిన్నది. బస్సు పొడవునా పెదవులు కదపకుండా చెప్పుకుంటూ వచ్చాడు.

జయపాల్ లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఇబ్బందిపడి, చివరికి ముందర పట్టుకున్నాడు. "నాకు మాట్లాడేది శానా రాదు. మీకందరికీ తెల్సిందే. మా సార్ బిడ్డ కన్ను నా చేతిలో పోయింది. పోయిన ఎండల్లో ఆ పాప గూడా పోయింది. ఆమె ఒక్కనాడు గూడా నన్ను ఒక్క మాట అనలే. సార్ అనలే, అమ్మ అనలే. వాళ్లు అనకపోయేకొద్దీ నాకు ఎక్కువైతాండాది." ఆడవాళ్ల వైపు కృపమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దావీదురాజు నేల వైపు చూస్తున్నాడు. "పాపను అడుగుదామనుకుంటా అనుకుంటానే దినాలు పాయ. ఇప్పుడు సార్‌ను అడుగుతాండా, మీ అందరి ముందర. సార్, నన్ను క్షమించినానని ఒక్క మాట చెప్పండి. లేదంటే లేదని చెప్పండి. ఏదో ఒకటి." వీపులన్నీ తిరిగాయి. చాటు లేకుండా పోయింది. పాస్టరుగారు నెమ్మదిగా, "అయివారూ" అన్నారు.

కేశవయ్య గోడ పట్టుకుని లేచాడు. వాక్యం నోట్లోనే ఉంది. దెబ్బ కనుబొమ్మకే తగిలింది. ఆ మాట అంటే తర్వాత మాట అడుగుతారు, మీకెప్పటి నుంచి తెలుసు అని. దావీదురాజు తల ఎత్తాడు. చింతబరికె పట్టిన చెయ్యి ఆయనది, ఆ చేతిలో ఇప్పుడు కుర్చీ తుడిచిన గుడ్డముక్క ఉంది. ఆయనకేం చెప్పాలి, నీ కొడుకును కొట్టిందంతా ఊరికే కొట్టావనా. జయపాల్ ఎదురుచూస్తున్నాడు. వాడి మొహం ఐదేళ్లప్పటి మొహమే, తల మీద చెయ్యి పడ్డప్పుడు రాయిలా ఉన్న మొహం, నోరు మాత్రం కొంచెం తెరుచుకుని ఉంది. కేశవయ్య నోరు తెరిచాడు.

"పోనీలేప్పా జయపాల్" అన్నాడు. "చిన్నోనివి. తెలీక చేసినావు. నా మనసులో ఏమీ లేదు."

స్తోత్రం అన్నారు అందరూ ఒక్క గొంతుగా. ఎవరో డప్పు అందుకున్నారు, పాట లేచింది. జయపాల్ నిలబడ్డచోటే ఏడ్చాడు, మొదటిసారి, వాతల రోజు ఏడవనిది కూడా కలిపి, చిన్నపిల్లవాడిలా భుజాలు ఎగరేస్తూ. దావీదురాజు లేచి పోయి కొడుకును పట్టుకున్నాడు, ఇన్నేళ్ల తర్వాత అందరి ముందర. ఆ ఇద్దరినీ అలా చూడటం మంచి విషయమే. అదే కష్టం. ఒక అబద్ధం ఆ ఇంట్లో ఒకప్పుడు చేసిన పని, ఇప్పుడు ఈ అబద్ధం చేస్తున్న పని, రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ఇకమీద నిజం చెబితే వాడికి దొరికిన ఈ నెమ్మది తీసి, దాని చోట కోపం పెట్టాలి. పొద్దున ఒక వాక్యం సరిపోయేది. ఇప్పుడు రెండు కావాలి.

వేలంలో పుల్లన్న తన గుమ్మడికాయ తనే ఎక్కువకు పాడుకుని, అందరూ ఈలలు వేస్తుంటే భుజాన వేసుకున్నాడు. పుంజును తిరుపతమ్మ కొనుక్కుంది, మేకకు తోడు ఉంటుందని. జయపాల్ మోటారుసైకిల్ మీద బస్‌స్టాండు దాకా దిగబెట్టాడు. దారిలో ఒకచోట వెనక్కి తిరిగి, గాలికి గొంతు పెంచి, "ఈరోజు నిద్రపడుతుంది సార్" అన్నాడు. దిగేటప్పుడు కేశవయ్య చేతిసంచి తీసుకుని బస్సులో సీటు పక్కన పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాడు, బస్సు కదిలేదాకా. బంతి వస్తే పట్టుకునేవాడిలా రెండు చేతులూ విడిగా వేలాడుతున్నాయి. కేశవయ్య కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఇంటికి చేరేసరికి నాగరత్నమ్మ తలుపు దగ్గరే ఉంది. ఆయన మొహం చూసి లోపలికి పోయి అన్నం వడ్డించింది. బిళ్ళ రమ్యశ్రీ కంటికి తగల్లేదని జయపాల్‌కు ఇంకా చెప్పలేదు.